పాట పెట్టువారు ఎవరు?



ముప్పదిరెండేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి, పిల్లలకు విభక్తులును ఛందస్సును బోధించి, విశ్రాంతి గైకొన్నవాడను. చిట్టిగూడూరు సంస్కృత కళాశాలలో చదివినవాడు యంత్రములను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరైనను అనుకొనక మానరు. నాకు గల యర్హత యొక్కటే. ఈ పనిని నేను అరువది దాటిన పిదప నేర్చుకొంటిని. నేర్చుకొనుచు అడుగడుగున తప్పితిని. మన మనుమలకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. వారిని అడిగినచో ఫోనును మన చేతినుండి లాగికొని, వ్రేలితో రెండుమూడు మారులు గీసి, “అయిపోయింది తాతయ్యా” అని మరల మన చేతిలో పెట్టుదురు. ఏమి అయిపోయినదో, ఎట్లు అయిపోయినదో మనకు తెలియదు. మరునాడు మరల వారినే పిలువవలెను.

ఇంతకును విషయమేమన, చేతిలోని ఫోనుతో ఇంటిలోని టీవీని నడుపుట. పాటనో, పురాణమునో, నాటకమునో, కావలసినదానిని ఫోనులో వెదకి, టీవీలో వినిపింపజేసి, వలసినప్పుడు ఆపి, ధ్వని పెంచి, తగ్గించి, కూర్చున్న చోటనుండియే సర్వమును నిర్వహించుట. ఇది సోమరులకు తగిన విలాసమని నేనును మొదట తలచితిని. అది ఎందుకు కాదో చెప్పుటకు కొంచెము వెనుకకు పోవలసియున్నది.

మా గ్రామము ఉయ్యూరునకు దిగువ, బందరుకాలువ గట్టున నున్నది. నా చిన్నతనమున, అనగా 1970 ప్రాంతమున, ఊరంతటికిని పంచాయతీవారి రేడియోయే గొప్ప. అది చెక్కపెట్టెలో నుండెడిది. పెట్టెకు తాళము. తాళపుచెవి గుమాస్తాగారి జంధ్యమునకు కట్టియుండెడిది. సాయంకాలము ఆయన వచ్చి, కండువాతో అరుగు దులుపుకొని, పెట్టె తెరచి మీట త్రిప్పగా, స్తంభము మీది గొట్టమునుండి విజయవాడ కేంద్రము పలికెడిది. మాగాణి నుండి వచ్చిన రైతులు కాళ్లు కడుగుకొనకయే అరుగు చుట్టును చేరి ధరవరలు వినెడివారు. గుమాస్తాగారికి సంగీతము గిట్టదు. కచేరి మొదలు కాగానే మీట కట్టి తాళము వేసికొని పోయెడివారు. ఆయన మంచివారు, ఎవరికిని కీడు చేసినవారు కారు. అయినను మా ఊరివారు ఏమి వినవలెనో నిర్ణయించినది మాత్రము ఆయనయే. స్త్రీలు అరుగు దగ్గరకు వచ్చుట లేదు. వీథి గుమ్మములలో నిలువబడి, గాలి యెటు వీచిన అటు వినబడినంత వినెడివారు.

విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. అంతకు ముందు మన కోస్తావారికి 1938లో మొదలైన మదరాసు కేంద్రమే ఆధారము. పున్నమ్మతోటనుండి వచ్చిన గొంతులతో మా తరము పెరిగినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఈ కేంద్రమున పనిచేసినవారు. ఆదివారము మధ్యాహ్నము ఉషశ్రీగారు రామాయణ భారతములు చెప్పునపుడు వీథిలో నడచిపోవువానికి ఒక్క వాక్యమైనను తప్పెడిది కాదు. ఒక యింటిలో విడిచిన మాట తరువాతి యింటిలో అందుకొనెడివాడు. అప్పటికి ట్రాన్సిస్టర్లు ఇంటింటికిని వచ్చినవి. పిమ్మట టేపురికార్డరు, ఆ పిమ్మట టీవీ. గుమాస్తాగారి తాళపుచెవి పోయినదని అందరమును సంతోషించితిమి. మా యింటిలో ఆ తాళపుచెవి నా చేతికి వచ్చినదని మాత్రము నలుబది యేండ్లు నేను గమనింపలేదు. ఉదయమున భక్తిరంజని పెట్టువాడను నేను. రాత్రి వార్తలు పెట్టువాడను నేను. టీవీ వచ్చిన తరువాత రిమోటు నా కుర్చీ ప్రక్కన అలమారులో నుండెడిది.

రెండేండ్ల క్రిందట నా భార్యకు పక్షవాతము వచ్చి కుడిప్రక్క పడిపోయినది. దైవానుగ్రహమున మాట పోలేదు. కాని లేచి తిరుగలేదు. పడమటి గదిలో మంచము మీదనే ప్రొద్దు గడుపవలెను. ప్రొద్దు ఎంత పొడవైనదో మంచము పట్టినవారికే తెలియును. మంచము ప్రక్కన ట్రాన్సిస్టరు పెట్టితిని. దాని చక్రమును ఎడమచేతితో త్రిప్పబోగా పెట్టెయే జారిపడుచుండెను. అప్పుడు వేసవి సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన మా పెద్దవాని కుమారుడు టీవీని హాలులోనుండి తీసి ఆమె మంచమున కెదురుగా పెట్టించి, దాని వెనుక అరచేతిలో పట్టునంత ఒక పరికరమును తగిలించి, ఇంటర్నెట్టు పెట్టెతో దానిని కలిపి, ఫోనుతో నడుపు విధము నాకు చూపెను.

ఇప్పుడు ఆ విధమును చెప్పెదను. దూరమునుండి వస్తువును నడుపుట క్రొత్త సంగతి కాదు. జగదీశచంద్ర బోసుగారు 1895 ప్రాంతమున కలకత్తా టౌనుహాలులో గోడల కావలనున్న గంటను తీగ లేకుండ మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపిరి. 1898లో నికోలా టెస్లా యను ఆయన న్యూయార్కులో నీటితొట్టిలోని చిన్న పడవను గట్టునుండియే త్రిప్పి చూపెను. టీవీల రిమోటులు మాత్రము చాలకాలమునకు వచ్చినవి. మన యిండ్లలోని రిమోటు కంటికి కనబడని వెలుతురును పంపును. వెలుతురు గోడను దాటదు గదా. అందుచేత దానిని టీవీ ముఖమునకు గురిపెట్టి నొక్కవలెను; నడుమ మనిషి నిలిచినను, దుప్పటి అడ్డము వచ్చినను పనిచేయదు.

ఫోను అట్లు కాదు. అది రేడియో తరంగములతో పలుకును. వైఫై యనునది మన ఆకాశవాణికి దాయాదియే. విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జుల తరంగము ఒక్కొక్కటి ఇంచుమించు 358 మీటర్ల పొడవు. ఇంటిలోని వైఫై పెట్టె, దానినే రూటరు అందురు, పంపు తరంగము పండ్రెండు సెంటీమీటర్లు, కొన్ని పెట్టెలలో అందులో సగము. బలమును అంతకు తగినట్లు స్వల్పమే. పదునెనిమిది అంగుళముల పాత గోడలు రెండు దాటుసరికి దానికి ఆయాసము వచ్చును. మా యింటిలో రూటరును వీథిగదినుండి నడిమింటికి మార్చిన తరువాతనే పడమటిగదిలో పాట ఆగకుండ సాగినది.

ఇందు ముఖ్యముగా తెలిసికొనవలసిన భేద మొకటి గలదు. ఫోనునుండి పాటను పెట్టెకు చేర్చుటకు రెండు మార్గములు. ఒకటి బ్లూటూత్. ఇది కావడితో నీరు మోయుట వంటిది. పాటను ఫోనే మోసికొనివచ్చి స్పీకరులో పోయవలెను. ఫోనును చొక్కాజేబులో వేసికొని వీథిలోనికి పోయినచో, సుమారు పది మీటర్లు దాటగానే పాట తెగిపోవును. నడుమ ఎవరైన ఫోను చేసిరా, కావడి దింపవలసినదే. రెండవది మా మనుమడు అమర్చినది, వైఫై మార్గము. ఇది తూము తలుపు ఎత్తుట వంటిది. డెల్టాలో పుట్టినవారికి దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు. లస్కరు తూమునకు నీరు మోయడు. తలుపెత్తి యింటికి పోయి భోజనము చేసి నిద్రించినను కాలువలోని నీరు పొలమునకు పారుచునే యుండును. అట్లే ఫోను టీవీ వెనుకనున్న పరికరముతో “ఫలానా నాటకము తెచ్చుకొనుము” అని మాత్రము చెప్పును. ఆ పరికరము తానే ఇంటర్నెట్టునుండి నాటకమును తెచ్చుకొని వినిపించును. ఆ తరువాత ఫోనులో మాటలాడుకొనవచ్చును, ఫోనును ఇంటిలోనే విడిచి పాలకేంద్రమునకు పోవచ్చును, నాటకము ఆగదు. నేను మొదట ఈ సంగతి తెలియక, పాట సాగుచున్నంతసేపును ఫోనును టీవీ వైపు పట్టుకొని నిలువబడితిని. చేయి నొప్పి పుట్టినది. మనుమడు నవ్వెను గాని కారణము చెప్పెను గనుక క్షమించితిని.

ఈ పరికరములలో గూగులు వారి క్రోమ్‌కాస్ట్ అనునది 2013లో వచ్చినది. 2024లో దాని తయారును నిలిపి మరియొక దానిని తెచ్చిరి. ఇప్పటి టీవీలు అనేకములలో ఈ విద్య లోపలనే అమర్చి యుండును గనుక కొనుటకు ముందు అంగడిలో అడిగి తెలిసికొనుడు. ఫోనులోని యాప్‌లో పాట తెరచినపుడు పైభాగమున చిన్న గుర్తు కనబడును: ఒక దీర్ఘచతురస్రము, దాని ఎడమవైపు క్రింది మూలనుండి లేచు మూడు వంపుగీతలు. దానిని తాకినచో ఇంటిలోని పరికరము పేరు వచ్చును. పేరును తాకినచో పాట టీవీలోనికి పోవును. ఫోను ప్రక్కనున్న మీటలే టీవీ ధ్వనిని పెంచును, తగ్గించును. ఆ గుర్తు లేని యాప్ అయినచో బ్లూటూత్ కావడియే శరణ్యము.

గుర్తు కనబడకున్నచో భయపడకుడు. మా యింటిలో ఒకనాటి తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చినది. పిదప ఎంత వెదకినను ఆ గుర్తు లేదు. పరికరము మాడిపోయినదని నిశ్చయించుకొని, ప్రక్క ఊరినుండి టీవీలు బాగుచేయువానిని పిలిపించితిని. అతడు వచ్చి నా ఫోనులో ఒక్కచోట తాకి రెండువందలు తీసికొని పోయెను. జరిగినదేమన, కరెంటు వచ్చిన తరువాత రూటరు మేలుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. ఈలోపల ఫోను దానికొరకు వేచియుండక సిమ్ముకార్డు ఇంటర్నెట్టును పట్టుకొనును. ఫోనును పరికరమును ఒకే వైఫైలో నున్నప్పుడే ఒకదానిని మరియొకటి ఎరుగును. ఒక లాకు క్రింది లస్కరు మరియొక లాకు తూమును ఎత్తజాలడు గదా. కాబట్టి గుర్తు మాయమైనప్పుడు, ఫోను మన యింటి వైఫైలో నున్నదా యని ముందు చూచుకొనుడు. రెండువందలు మిగులును.

ఇదంతయు నేర్చిన తరువాత నాకు కలిగిన గర్వమును దాచనక్కరలేదు. వసారాలో పడకకుర్చీలో కూర్చుండి, పత్రిక చదువుకొనుచునే, రెండు గోడల కావలనున్న టీవీలో భార్యకు ఉదయము స్తోత్రములు, పిమ్మట భాగవతోపన్యాసము, సాయంకాలము మరల హరికథ పెట్టుచుంటిని. వచ్చినవారికి ఈ చమత్కారమును చూపుచుంటిని. “అదృష్టవంతురాలమ్మా” అని వారనగా నాకు తృప్తిగా నుండెడిది.

ఒకనాడు అట్లే భాగవతము పెట్టి, పాలకేంద్రమునకును అటనుండి గ్రంథాలయమునకును పోయితిని. అక్కడ ఒక మిత్రునితో సంధి విషయమై వాదము వచ్చి రెండున్నర గంటలు గడచినది. తిరిగివచ్చుచుండగా మా వీథి మొదటికే మా యింటినుండి కేకలు వినబడినవి. ఎవరో పోట్లాడుచున్నారని పరుగున పోయితిని. పోట్లాట టీవీలో. భాగవతము ముగియగానే ఆ యాప్ తనంత తానే మరియొకటి, దానిపై ఇంకొకటి పెట్టుకొనుచు పోయి, చివరకు నలుగురు కూర్చుండి ఒకేమారు అరచుకొను చర్చ యొకటి పెట్టినది. నా భార్య గోడవైపు మొగము త్రిప్పుకొని, ఎడమచేతితో ఎడమచెవి మూసికొని పరుండియున్నది. కుడిచెవి మూయుటకు చేయి లేదు. రిమోటు హాలులో అలమారులో నున్నది, అలవాటు చొప్పున.

ఆపివేసి, “ఎంతసేపటినుంచి?” అని అడిగితిని.

“పురాణం అయిపోయినప్పటినుంచీ. ఆపేవాళ్లు లేరుగా,” అనెను.

తప్పు ఒప్పుకొనుటకు మాటలు రాక, “పోనీ, ఆ పురాణమైనా బాగుందా?” అని అడిగితిని. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, “మీరు పెట్టారు, విన్నాను,” అనెను.

ఈ మాట ఆ దినపు భాగవతమును గూర్చి మాత్రమే చెప్పినది కాదని నాకు తోచినది. రాత్రి నిద్రపట్టలేదు. పెండ్లియైన నాటినుండి లెక్కవేసికొంటిని. ఆమె పుట్టినింట రేడియో తండ్రి చేతిలో. మా యింట నా చేతిలో. ఆమె స్వయముగా మీట త్రిప్పి పెట్టుకొన్న పాట యొక్కటియు నాకు జ్ఞప్తికి రాలేదు. ఇష్టమేమో అడిగినట్లును జ్ఞప్తికి రాలేదు.

మరునాడు రిమోటు ఆమె చేతికిచ్చితిని. దానిమీద నలుబది మీటలు, చీమతలకాయలంత అక్షరములు. ఒకటి నొక్కబోయి మరియొకటి నొక్కగా తెర నీలమై పోయినది. తిరిగివచ్చు దారి లేదు. అప్పుడు మనుమనికి ఫోను చేసి చెప్పగా, బామ్మకు వేరొక ఫోను పంపెను. దానిలో రెండు మూడు గుర్తులే యుంచి తక్కినవన్నియు తీసివేసి, అక్షరములు పెద్దవి చేసి పంపెను. ఒకటి ముగియగానే మరియొకటి తనంత తానే మొదలు కాకుండునట్లు కూడ అమర్చెను. యాప్‌లో ఆ యేర్పాటున్నదని నాకు అంతవరకు తెలియదు. శ్రోతలలో ఎవరి యింటనైన మంచమున నున్నవారు ఉన్నచో, తక్కినవి మరచినను ఈ యొక్కదానిని పిల్లలచేత చేయించుకొనుడు.

ఫోను వచ్చినంత మాత్రాన పని కాలేదు. ఆమె తాకినను తెర పలుకదు. ఈ తెరలు చర్మములోని స్వల్పమైన విద్యుద్గుణమును బట్టి వ్రేలిని గుర్తించును. పెద్దవారి వ్రేళ్లు పొడిబారి యుండుటచేత గుర్తింపవు. తడిబట్టమీద వ్రేలిని అద్ది, ఆరనిచ్చి తాకినచో పలుకును. ఇంకొకటి, పెద్దవారము మీట నొక్కినట్లు గట్టిగా నొక్కిపట్టుదుము. నొక్కుట వేరు, తాకుట వేరు. పసుపు బొట్టు పెట్టినట్లు తాకి తీయవలెను. ఈ యుపమానము నాది కాదు, ఆమెదే.

తరువాత వ్రాయుట. ఎడమచేతితో తెలుగు అక్షరములు కూర్చుట ఆమె వల్ల కాలేదు. కాని 2017 నుండి గూగులువారి ఫోనులు తెలుగు మాటను విని వ్రాసికొనగలవు. మైకు గుర్తును తాకి పలికిన చాలును. నేను పండితుడను గదా, ముందు నేనే చూపెదనని ఫోను తీసికొని, “చిలకమర్తివారి గణపతి నాటకమును వినిపింపుము” అని స్పష్టముగా, దీర్ఘములు తప్పకుండ పలికితిని. ఏవేవో వచ్చినవి; నాటకము రాలేదు. రెండుమారులు, మూడుమారులు. ఆమె ఫోనును తన వైపు లాగుకొని, “గణపతి రేడియో నాటకం” అనెను. వచ్చినది. ఒక్క “గణపతి” యన్నచో వినాయకుని పాటలు వచ్చునని, “రేడియో నాటకం” అని చేర్చవలెనని ఆమె తానే గ్రహించినది. నేను గ్రంథాలయమునకు పోయితిని.

ఆ నాటకమును మీలో వినని వారుండరు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నవలను విజయవాడ కేంద్రమువారు నాటకము చేసి వినిపించిరి. నండూరి సుబ్బారావుగారి గొంతు దానితో పెనవైచికొనిపోయినది. ఆమెకు అది యింత ఇష్టమని నాకు తెలియదు. చిన్నతనమున వీథిగుమ్మములో నిలువబడి వినెడిదట. గుమాస్తాగారి వంటి వాడొకడు వారి ఊరిలోను ఉండుటచేత ఎన్నడును తుదివరకు వినలేదట. ఇప్పుడు తుదివరకు వినినది. మరునాడు మరల వినినది. నవ్వునపుడు మొగము ఒకవైపే కదలును. ఆ ఒకవైపునకే గది నిండినట్లుండెను.

అయితే మొదటి దినమున ఆమె చేసిన పని వేరు. ఫోను చేతికి వచ్చి, తాకుట అలవడగానే, నేను వసారానుండి పెట్టిన స్తోత్రమును ఆపివేసెను. వైఫై పోయినదేమో యని నేను లోనికి పోయి చూచితిని. “నేనే ఆపానండీ. కాసేపు ఊరుకోనివ్వండి, కాలువ చప్పుడు వినబడుతుంది,” అనెను. కాలువకు అప్పుడే క్రొత్తనీరు విడిచిరి. నిజమే, లాకుల వైపునుండి సన్నగా వినబడుచుండెను. ఆ పడమటి కిటికీలోనుండి అట్లు వినబడునని ఆ యింటిలో పుట్టి పెరిగిన నాకే తెలియదు.

ఇద్దరికిని ఫోనులుండుటవలన క్రొత్త చిక్కు ఒకటి వచ్చినది. ఒకే వైఫైలో నున్న ఫోనులన్నియు ఆ టీవీకి అధికారులే. సంక్రాంతికి వచ్చిన మనుమరాలు హాలులో కూర్చుండి తన ఫోనులో ఏదో గుర్తు కనబడగా తాకినది. లోపల బామ్మగారి నాటకము ఆగిపోయినది. బామ్మ మరల పెట్టును, పిల్ల మరల తాకును. ఇది నాలుగుమారులు జరిగి, చివరకు లోపలినుండి, “ఎవర్రా అది!” అని కేక వచ్చినది. పక్షవాతము వచ్చిన తరువాత ఆమె అంత గట్టిగా అరచుట అదే మొదలు. వైద్యుడు విన్నచో సంతోషించియుండును. ఇతరుల ఫోనులలో ఆ గుర్తు కనబడకుండ చేయు సాధనము యాప్ అమరికలలో కలదు. అది చేయించితిమి. వైఫై రహస్యపదమును వచ్చిపోవువారందరికిని చెప్పకుండుట మరియొక జాగ్రత్త. చెప్పినచో తూము తాళపుచెవిని ఊరికి ఇచ్చినట్లే.

రేడియో అభిమానులకు రెండు మాటలు. ఆకాశవాణి ప్రసారములు ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ అను యాప్‌లో లభించును. విజయవాడతో కూడ రెండువందలకు పైగా ప్రసారములున్నవి. మధ్యతరంగములోని గరగర లేదు. కాని ఇంటర్నెట్టు మార్గమున వచ్చు ధ్వని గాలిలో వచ్చినదానికంటె కొంత ఆలస్యముగా చేరును; ఒక్కొక్కప్పుడు అర నిమిషమునకు మించును. గడియారమును రేడియోతో సరిచేసికొను అలవాటున్న నా వంటి వారు దీనిని గమనింపవలెను. ముహూర్తములకు దీనిని నమ్మరాదు.

రెండవ మాట, పాత రేడియోను పారవేయకుడు. ఈ పద్ధతికి కరెంటు కావలెను, రూటరు కావలెను, స్తంభములమీద తీగ తెగకుండ వలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన పేటలలో దినములకొలది కరెంటు లేకపోయినది. ఎంత గొప్ప యాప్ అయినను అక్కడ ఏమి చేయగలదు? మా యింటిలో పాత ట్రాన్సిస్టరును అమ్మివేయుదమని నేనంటిని. నా భార్య ఒప్పుకొనలేదు. ఆమె పుట్టినిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి రాత్రిని గూర్చి ఆమె ఎన్నడును మాటలాడదు. ట్రాన్సిస్టరు ఆమె తలగడ ప్రక్కన నున్నది. మూడు నెలలకొకమారు నాచేత క్రొత్త బ్యాటరీలు వేయించును.

ఈ ప్రసంగము సంగతి చెప్పి, ఫలానా దినమున ఫలానా వేళకు వచ్చునంటిని. “పెద్దదా?” అని అడిగెను. ఇరువది నిమిషములంటిని. ఆమె తన ఫోను వంక చూచి నవ్వెను. ప్రసార సమయమున నేనును ఆ మంచము ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండవలెనని యున్నాను. నా ఫోనును వసారాలోనే విడిచి పోవుదును.